పెట్రోలు సీసా ఆయుధమేనా?

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు నగరం బిల్బావో పాత ఊళ్ళో ఎస్పెరాన్సా అనే వీధి ఉంది. ఆ వీధిలో ఒక ఫ్రంటన్. బంతిని గోడకేసి కొట్టి ఆడే ఆటకు కట్టిన స్థలం అది. బాస్క్ పల్లెల్లో చర్చి ఎంత మామూలో ఫ్రంటనూ అంత మామూలే. ఆట లేనప్పుడు సభలు, విందులు, పాటకచేరీలు అన్నీ అక్కడే జరుపుకుంటారు. నేను వెళ్ళేసరికి ఇద్దరు పిల్లలు చెక్క బ్యాట్లతో ఆడుతున్నారు. వాళ్ళ తాత కాబోలు, ఓ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

‘‘ఇందులో చూడ్డానికేముంది మావయ్యా, గుగ్గెన్‌హైమ్ మ్యూజియం అటు కదా’’ అన్నాడు మా మేనల్లుడు. వాడిక్కడ గాలిమరలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. స్పానిష్ బాగా పట్టుబడింది. ఈ ప్రయాణం పొడుగునా నాకు నోరూ చెవీ వాడే.

2007 ఫిబ్రవరిలో ఇక్కడ జరిగిన సభ సంగతి చెప్పాను. అప్పటికి కొన్ని రోజుల ముందే, జనవరి 19న, మాడ్రిడ్‌లోని సుప్రీంకోర్టు హర్రాయ్, హైకా, సెగి అనే మూడు యువజన సంస్థలూ ఉగ్రవాద సంస్థలేనని తీర్పు చెప్పింది. వాటిలో పనిచేసిన ఇరవై మందికి పైగా యువతీయువకులకు తలా ఆరేళ్ళ శిక్ష. తీర్పు రాగానే చాలామంది పోలీసులకు దొరక్కుండా పోయారు. తర్వాత ఉన్నట్టుండి ఒకరోజు, వందలాది మద్దతుదారుల మధ్య, ఈ ఫ్రంటన్‌లో తేలారు. బాస్క్ పోలీసులైన ఎర్త్సైన్త్సా వాళ్ళు లోపలికొచ్చి ఒక్కొక్కరినీ పట్టుకుపోయారు. రహస్యంగా దొరికిపోవడం కన్నా నలుగురి కళ్ళ ముందు అరెస్టవడమే మేలని వాళ్ళు అనుకున్నారన్నమాట.

ఆ గుర్తు అక్కడేమైనా ఉందా అని చూశాను. ఏమీ లేదు. గోడ మీద బంతి మచ్చలు తప్ప.

మూడు పేర్లు చెప్పాను గానీ నిజానికి అది ఒకే సంస్థ మార్చుకుంటూ వచ్చిన మూడు చొక్కాలు. హర్రాయ్ 1979లో పుట్టింది. ఫ్రాంకో చనిపోయి నాలుగేళ్ళు. బాస్క్ భాషను బళ్ళలోంచీ కచేరీల్లోంచీ తరిమేసిన నియంత పోయాడు గానీ, ఆయన మీద తుపాకీ ఎత్తిన ఈటీఏ పోలేదు. 1959లో పుట్టిన ఆ సాయుధ సంస్థ ప్రజాస్వామ్యం వచ్చాకే ఎక్కువమందిని చంపింది. మొత్తం మీద 850 మందికి పైగా. స్వతంత్ర, సోషలిస్టు బాస్క్ దేశం కావాలనే రాజకీయ కుటుంబంలో పార్టీ ఒకటి, కార్మిక సంఘం ఒకటి, ఖైదీల సంఘం ఒకటి, యువజన సంఘం ఒకటి. ఈ యువజన సంఘమే హర్రాయ్. ఫ్రాన్సు వైపు బాస్క్ యువజనులతో కలిసి 2000లో హైకా అయింది. మరుసటి ఏడాది మేలో న్యాయమూర్తి బాల్తసార్ గార్సోన్ దాన్ని నిషేధించాడు. నెల తిరగ్గానే సెగి పుట్టింది. 2001 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ తన ఉగ్రవాద జాబితాలో ఆ పేరూ చేర్చింది. 2002 ఫిబ్రవరిలో గార్సోన్ దాన్నీ నిషేధించాడు.

చిలీ నియంత పినోషేను 1998లో లండన్‌లో అరెస్టు చేయించిన గార్సోన్ ఈయనే. అప్పుడు మానవహక్కుల వాళ్ళు ప్రపంచమంతా చప్పట్లు కొట్టారు. బాస్క్ ప్రాంతంలో ఆయన పేరెత్తితే మాత్రం, బిల్బావోలోని సోమెరా వీధి బార్లలో మొహాలు ముడుచుకుంటాయి. ఈటీఏ అంటే తుపాకీ పట్టిన కొద్దిమంది మాత్రమే కాదు, చుట్టూ ఉన్న పార్టీలూ సంఘాలూ పత్రికలూ అన్నీ దాని కొమ్మలేనన్నది ఆయన వాదన. ఆ వాదనే ఊపిరిగా 2003లో బతసూనా పార్టీ నిషేధమైంది. అదే ఏడాది ఎగున్‌కారియా అనే బాస్క్ భాషా దినపత్రికను ఇంకో న్యాయమూర్తి మూసేయించాడు. ఏడేళ్ళ తర్వాత, 2010లో, పత్రిక వాళ్ళు నిర్దోషులని కోర్టే తేల్చింది. తేల్చేసరికి పత్రిక లేదు.

తెలుగువాడికి ఇదంతా ఎక్కడో విన్న కథలా ఉంటే ఆశ్చర్యం లేదు. 2005 ఆగస్టులో నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య జరిగిన వెంటనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టు పార్టీతో పాటు దాని అనుబంధాలంటూ విద్యార్థి, యువజన సంఘాలనూ విప్లవ రచయితల సంఘం విరసాన్నీ కూడా నిషేధించింది. విరసం మీద నిషేధం కొన్ని నెలలకే పోయింది. రెండు చోట్లా తేడాలు చాలా ఉన్నాయి, ఒకే గాటన కట్టను. కానీ ప్రశ్న ఒకటే. హత్య చేసిన వాడికీ, హత్యను ఖండించని వాడికీ మధ్య గీత ఎక్కడ?

ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పేవాళ్ళు పోర్తుగలేతే వెళ్ళాలి. బిల్బావో నుంచి మెట్రోలో వెళ్ళొచ్చు. నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. మనలాంటి వాళ్ళు అక్కడికెళ్ళేది వేలాడే వంతెన కోసం. 1893లో కట్టిన ఇనుప చట్రం. దాని కింద తీగలకు వేలాడే పెట్టెలాంటి దాంట్లో మనుషులూ కార్లూ ఎక్కి నది దాటుతారు. యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మేనల్లుడి ఉత్సాహం అంతా ఆ వంతెన మీదే. తీగలు ఎన్ని, బరువు ఎంత, మోటారు ఎక్కడ అని దాని చుట్టూ తిరిగాడు. అవతలి ఒడ్డున డబ్బున్న వాళ్ళ మేడలు. ఇవతల గనుల్లో, ఉక్కు కార్ఖానాల్లో పని కోసం స్పెయిన్ నలుమూలల నుంచీ వచ్చిన కూలీల ఊళ్ళు. ఇవతలి వైపు వీధులు ఎంత నిటారుగా ఉంటాయంటే, మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు మీదే కదిలే నడకదారులు పెట్టారు.

ఈ ఊళ్ళో సోషలిస్టు పార్టీ కార్యాలయం ఉంది. ‘ప్రజల ఇల్లు’ అంటారు దాన్ని. మీటింగులతో పాటు కాఫీలూ పేకాటా కూడా నడిచే చోటు. 1987 ఏప్రిల్ 25 రాత్రి ఒక గుంపు వచ్చి అందులోకి పెట్రోలు సీసాలు విసిరింది. లోపల ఉన్నవాళ్ళకు మంటలంటుకున్నాయి. మైతే తొర్రానో, ఫెలిక్స్ పేన్యా అనే ఇద్దరు కార్యకర్తలు కాలిన గాయాలతో ఆసుపత్రిలో చనిపోయారు. ఇది సెగి పుట్టడానికి పద్నాలుగేళ్ళ ముందు మాట. ఈ దాడిని ఆ సంస్థ ఖాతాలో రాయడానికి వీల్లేదు, రాయడం లేదు. నేను చూడాలనుకున్నది వేరే. సీసాలో పెట్రోలు పోసి గుడ్డ కుక్కి విసరడం కుర్రతనమా, యుద్ధమా అన్న చర్చలో చావుల లెక్క కూడా ఉందని ఇక్కడ తెలుస్తుంది కనక వచ్చాను.

వంతెన దగ్గరి బారులో ఒక ముసలాయన దొరికాడు. ఉక్కు కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడట. తండ్రి ఎక్స్‌త్రెమదూరా నుంచి వలస వచ్చాడట. మేం ఎందుకొచ్చామో మేనల్లుడు చెప్పగానే కాసేపు మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, ‘‘వాళ్ళు పిల్లలే, ఎవరు కాదన్నారు? లోపల కూర్చున్న వాళ్ళు మాత్రం మంత్రులా? వాళ్ళూ మా కార్ఖానా మనుషులే’’ అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. మా కాఫీల డబ్బులు మాత్రం ఇవ్వనివ్వలేదు.

తొంభైల్లో ఈ వీధి పోరాటం బాస్క్ ఊళ్ళలో శని ఆదివారాల అలవాటైపోయింది. కలే బొర్రోకా అంటారు. బస్సులు, ఏటీఎంలు, చెత్త పెట్టెలు, రైల్వే సిగ్నళ్ళు, వేరే పార్టీల ఆఫీసులు, కొన్నిసార్లు కౌన్సిలర్ల ఇళ్ళు, వాళ్ళ దుకాణాలు. మొహానికి గుడ్డ కట్టుకుని పదిహేను ఇరవై మంది వస్తారు, పది నిమిషాల్లో పని ముగించి సందుల్లో కలిసిపోతారు. దొరికేవాళ్ళు తక్కువ. దొరికినా చాలామంది మైనర్లు. 2000 చివర్లో చట్టాలు మార్చి, ఇలాంటి నేరాలు చేసిన మైనర్లనూ మాడ్రిడ్‌లోనే విచారించే ఏర్పాటు చేశారు. ఒక్కొక్కణ్ణీ పట్టుకోవడం కుదరనప్పుడు ప్రభుత్వాలు సంస్థ మొత్తాన్నీ పట్టుకోవాలని చూస్తాయి. సెగి కథలో జరిగింది అదే.

ఇక్కడ కోర్టులు రెండు మాటలు మాట్లాడాయి. 2005 జూన్‌లో జాతీయ న్యాయస్థానం ఏమందంటే: ఇవి చట్టవిరుద్ధమైన సంఘాలే, కానీ ఉగ్రవాద సంస్థలు కావు. ఉగ్రవాద సంస్థ అనాలంటే ఆయుధం ఉండాలి, పెట్రోలు సీసా ఆ అర్థంలో ఆయుధం కాదు. శిక్షలు రెండున్నర నుంచి మూడున్నర ఏళ్ళు. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. తుపాకీ పట్టేవాళ్ళు ఒకవైపు, వీధుల్ని తగలబెట్టేవాళ్ళు ఒకవైపు ఉన్నారంటే అవి రెండు పనులు కావు, ఒకే పనికి రెండు చేతులు అంది. శిక్ష ఆరేళ్ళు. గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎవరు ఏ రాత్రి ఏ బస్సు తగలబెట్టారన్నది ఆ కేసు కాదు. సంస్థలో ఎవరు ఏ బాధ్యతలో ఉన్నారన్నదే కేసు.

నాకైతే సుప్రీంకోర్టు చెప్పినదాంట్లో సగం నిజం కనిపిస్తుంది. పోర్తుగలేతేలో నిలబడి పెట్రోలు సీసా ఆయుధం కాదనడం నా వల్ల కాలేదు. రెండో సగమే మింగుడు పడదు. సీసా ఆయుధమైతే, విసిరిన చెయ్యి ఎవరిదో చూపించాలి. చూపించలేక, పోస్టరు అంటించిన చేతికీ బ్యానరు పట్టిన చేతికీ అదే శిక్ష వేస్తే, ఆ శిక్ష నేరానికి పడినట్టా, స్నేహానికి పడినట్టా? మన సుప్రీంకోర్టే ఈ విషయంలో అటూ ఇటూ ఊగింది. 2011లో అరూప్ భుయాన్ కేసులో, నిషేధిత సంస్థలో సభ్యుడైనంత మాత్రాన నేరం కాదంది. 2023 మార్చిలో ఆ మాట తప్పని, సభ్యత్వం చాలునని తేల్చింది.

దొనోస్తియాకు బస్సులో వెళ్ళాం. మనకు పటాల్లో కనిపించే పేరు శాన్ సెబాస్టియన్. బిల్బావో నుంచి గంటంబావు. దారంతా పచ్చటి కొండలు, వాటి మీద సన్నటి జల్లు. దాన్ని వీళ్ళు సిరిమిరి అంటారు. గొడుగు వేసుకుంటే నవ్వుతారు, వేసుకోకపోతే తడిసిపోతాం.

ఈ ఊరు తిండికి పేరు మోసింది. పాత ఊళ్ళో బార్ల బల్లల నిండా చిన్న చిన్న రొట్టె ముక్కల మీద చేపలు, రొయ్యలు, పుట్టగొడుగులు పేర్చి ఉంటాయి. ఒక పుల్లకు ఆలివు, ఉప్పు చేప, పచ్చిమిరపకాయ గుచ్చి ఇస్తారు, దాని పేరు హిల్దా. ఆ మిరపకాయ వాళ్ళకు కారమట. మా గుంటూరు పక్క చంటిపిల్లలు నంజుకుంటారు దాన్ని.

ఆ బార్ల వీధుల్లో ఒకటి ఆగస్టు 31 వీధి. అందులో లా సేపా అనే బారు. 1995 జనవరి 23 మధ్యాహ్నం అక్కడ భోజనం చేస్తున్న గ్రెగోరియో ఒర్దోన్యెస్‌ను ఈటీఏ మనిషి తలలో కాల్చి చంపాడు. పాపులర్ పార్టీ నాయకుడు, నగర కౌన్సిలర్, మేయరు అవుతాడని అందరూ అనుకుంటున్న మనిషి. వయసు ముప్పై ఆరు. ఇప్పుడా వీధిలో నేల మీద ఆయన పేరుతో చిన్న పలక ఉంది. జనం గ్లాసులు పట్టుకుని దాని మీద నుంచే నడుస్తున్నారు. నేను వంగి చదువుతుంటే ఒక పర్యాటకుడు నేనేదో పడేసుకున్నాననుకుని వెతకడానికి వంగాడు.

అక్కడి నుంచి రెండు మూడు నిమిషాలు నడిస్తే బూలెవార్డ్. చెట్లు, సంగీత మండపం, బస్సు స్టాపులు. 2013 ఏప్రిల్‌లో ఈ చోటు ‘అస్కే గునేయా’, అంటే స్వేచ్ఛా స్థలం, అయింది. సెగి సభ్యులుగా ఆరేళ్ళ శిక్ష పడ్డ ఎనిమిది మంది దొనోస్తియా యువతలో ఆరుగురు ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. వాళ్ళ చుట్టూ వందలమంది చేతులు పెనవేసుకుని గోడ కట్టారు. రాత్రులు అక్కడే పడుకున్నారు, అక్కడే వండుకున్నారు. ఏప్రిల్ 19న ఎర్త్సైన్త్సా వచ్చి ఒక్కొక్కరినీ పీకి పక్కన పడేస్తూ లోపలికి వెళ్ళడానికి గంటలు పట్టింది.

గుర్తుంచుకోండి, అప్పటికి ఈటీఏ కాల్పులు ఆపేసి ఏడాదిన్నర. 2011 అక్టోబరు 20న ఆపింది. సెగి కూడా 2012 జూన్‌లో తనను తానే రద్దు చేసుకుంది. లేని సంస్థలో ఉన్నందుకు, ఆగిపోయిన యుద్ధం పేరు మీద జైలు. చట్టం దృష్టిలో ఇందులో తప్పు లేదు, నేరం జరిగినప్పటి కాలమే లెక్క. బూలెవార్డ్‌లో చేతులు పెనవేసిన వాళ్ళ లెక్క వేరు.

ఆ గోడలో నిలబడ్డ ఒకావిడతో మాట్లాడే వీలు దొరికింది. మేనల్లుడి సహోద్యోగికి పెద్దమ్మ. బళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. బూలెవార్డ్‌లో బెంచీ మీద కూర్చుని, కాళ్ళ దగ్గర కుక్కను కట్టుకుని చెప్పింది. ‘‘నేను ఆ పార్టీకి ఎప్పుడూ ఓటేసినదాన్ని కాదండీ. వాళ్ళలో ఒకడు నా దగ్గర చదువుకున్నాడు. మంచి పిల్లాడని చెప్పను, గోలపిల్లాడే. కానీ వాణ్ణి అరెస్టు చేశాక ఆ అయిదు రోజులు ఎక్కడున్నాడో వాళ్ళమ్మకు కూడా చెప్పలేదు. అందుకు నిలబడ్డాను.’’

ఆవిడ చెప్పిన అయిదు రోజులు ఊరికే అన్న మాట కాదు. ఉగ్రవాదం కేసుల్లో నిందితుణ్ణి తాను ఎంచుకున్న లాయరునూ కుటుంబాన్నీ కలవనివ్వకుండా ఉంచే పద్ధతి స్పెయిన్ చట్టంలో ఉంది. ఒకప్పుడు పొడిగింపులతో కలిపి పదమూడు రోజుల దాకా ఉంచే వీలుండేది. పోలీసు నిర్బంధంలో జరిగినదాని మీద బాస్క్ ప్రభుత్వం ఫోరెన్సిక్ నిపుణుడు పాకో ఎచెబెర్రియా బృందం చేత అధ్యయనం చేయించింది. 1960 నుంచి 2014 వరకు 4,113 చిత్రహింస, దౌర్జన్యం కేసులు లెక్కకొచ్చాయి. సెగి సభ్యులన్న ఆరోపణతో విచారణ ఎదుర్కొన్న నలభై మంది యువతను 2014లో జాతీయ న్యాయస్థానం నిర్దోషులుగా వదిలేసినప్పుడు, అలాంటి నిర్బంధంలో ఇచ్చిన వాంగ్మూలాల మీద ఆధారపడలేమన్నది ఒక ముఖ్య కారణం. కొన్నేళ్ళ ముందే ఈ జాగ్రత్త పడి ఉంటే ఎన్ని కేసులు నిలబడేవో.

‘‘మరి ఒర్దోన్యెస్ పలక దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా?’’ అని అడిగించాను. అడగకుండా ఉండాల్సిందేమో అని మేనల్లుడి మొహం చెప్పింది. ఆవిడ కోపగించుకోలేదు. ‘‘ఆ రోజుల్లో లేదండీ. భయం ఉండేది, సిగ్గు కూడా ఉండేది. ఇప్పుడు వెళ్తున్నాను’’ అంది. కుక్క తాడు విప్పి లేచింది.

ఆ తర్వాత విటోరియా అనే మరో బాస్క్ ఊరికి వెళ్ళాం. అక్కడ ఉగ్రవాద బాధితుల స్మారక కేంద్రం ఉంది, 2021లో తెరిచారు. అన్నీ చెప్పను. ఒక గది మాత్రం చెప్పాలి. జైలు ఉద్యోగి ఒర్తేగా లారాను ఈటీఏ 532 రోజులు నేలమాళిగలో దాచింది. ఆ మాళిగ నమూనా అక్కడ కట్టి పెట్టారు. లోపలికి వెళ్ళాను. నాలుగు అడుగులు వేస్తే గోడ. తేమ వాసన కృత్రిమంగా పెట్టలేదు గానీ, పైకప్పు తల మీదికొచ్చేసినట్టుంటుంది. ఒక నిమిషం కన్నా ఉండబుద్ధి కాలేదు. బయటికొచ్చాక మేనల్లుడు చాలాసేపు ఫోను తీయలేదు, వాడి విషయంలో అది పెద్ద మాటే.

తిరిగి బిల్బావో వచ్చిన రాత్రి సోమెరా వీధిలో కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఇరవై ఏళ్ళ వాళ్ళు కోలా కలిపిన ఎర్ర వైను తాగుతూ ఇంటి అద్దెల గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. గోడ మీద ఖైదీలను ఇంటికి తెమ్మనే పాత పోస్టరు, దాని మీద సగం కప్పేస్తూ ఒక రాక్ కచేరీ పోస్టరు. సెగి పుట్టినప్పుడు వీళ్ళు పుట్టి ఉండరు. ఆ రాజకీయ కుటుంబం వారసులు ఎక్కువగా ఉన్న ఈహెచ్ బిల్దు కూటమి 2024 బాస్క్ ఎన్నికల్లో 27 సీట్లు తెచ్చుకుని, అధికారంలో ఉన్న జాతీయవాద పార్టీతో సరిసమానంగా నిలిచింది. నిషేధించిన వాళ్ళు దీన్ని మా విజయం అంటారు, తుపాకీ వదిలి ఓటు పట్టుకున్నారు కదా అని. నిషేధానికి గురైన వాళ్ళు మా విజయం అంటారు, ఇన్ని నిషేధాల తర్వాతా జనం మాతోనే ఉన్నారు కదా అని. ఈటీఏ కాల్పులు ఆపడానికి పోలీసుల ఒత్తిడీ, ఫ్రాన్సు సహకారమూ, సొంత మనుషులే విసిగిపోవడమూ అన్నీ పనిచేశాయి. అందులో యువజన సంఘం నిషేధం వాటా ఎంతో తూకం వేసే తక్కెడ ఎవరి దగ్గరా లేదు.

‘‘నిషేధం వద్దంటున్నావు సరే, నువ్వైతే ఏం చేసేవాడివి మావయ్యా?’’ అన్నాడు మేనల్లుడు.

‘‘బస్సు తగలబెట్టిన వాణ్ణి బస్సు తగలబెట్టినందుకు జైల్లో వేసేవాణ్ణి. మనిషి చస్తే హత్య కేసు పెట్టేవాణ్ణి. అక్కడితో ఆగేవాణ్ణి.’’

‘‘వాళ్ళు దొరకలేదనే కదా ఇదంతా చేసింది?’’

‘‘దొరకలేదని దొరికిన వాళ్ళందర్నీ వేస్తామా?’’

వాడు ఒప్పుకోలేదు. పోర్తుగలేతే ముసలాయన ఊళ్ళో ఉండి ఆ మాట అనమన్నాడు. బార్ల వాళ్ళు కుర్చీలు ఎత్తేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.